పండగయ్యాక విడాకులు: ఆర్నెల్లు నిలబడాల్సిన అంగీకారం

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అందుకని వాళ్లు ముక్కనుమ దాకా ఆగి బయల్దేరారు. పంతంగి టోల్‌గేటు దగ్గర హైదరాబాద్ వైపు కార్లు ఎప్పటిలాగే బారులు తీరి ఉన్నాయి. వెనక సీట్లో పిల్ల నిద్రపోతోంది. మా పిన్ని కూతురి ఒళ్లో అరిసెల డబ్బా. "వచ్చే పండక్కి ఇలా నటించడం ఇక నా వల్ల కాదు" అందట. ఆమె భర్త, అంటే మా మరిది, ముందున్న కారు నంబరు ప్లేటు వంకే కాసేపు చూసి, "నా వల్లా కాదు" అన్నాడట. ఏడాది పైగా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చింది ఆ క్యూలోనే అని చెల్లెలు తర్వాత నాకు చెప్పింది.

పండగ ముందు ఈ మాట ఎవరూ ఎత్తరు. అల్లుడికి బట్టలు కొని పెట్టుకున్న అత్తగారి మొహం చూసి ఎత్తబుద్ధి కాదు. పండగ దాటాక మాత్రం ఇంకో ఏడాది సాగదీసే ఓపిక ఉండదు. ఇది మన ఒక్కళ్ల సంగతే కాదు. ఇంగ్లండ్‌లో జనవరిలో మొదటి పనిదినపు సోమవారాన్ని లాయర్లు 'డైవోర్స్ డే' అని పిలుస్తారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2001 నుంచి 2015 వరకు దాఖలైన విడాకుల కేసులను అక్కడి యూనివర్సిటీ పరిశోధకులు లెక్కేస్తే, మార్చిలోనూ ఆగస్టులోనూ ఎక్కువ కనిపించాయి. ఒకటి శీతాకాలపు సెలవుల తర్వాత, ఇంకొకటి వేసవి సెలవుల తర్వాత. సెలవుల్లో తేలిన మాట కాగితం మీదికి రావడానికి రెండు నెలలు పడుతుందన్నమాట. ఆ రెండు నెలల్లో ఏం చేసుకోవాలో తెలియకే, మంచిగా విడిపోదామనుకున్న చాలామంది చివరికి తిట్టుకుంటూ విడిపోతారు.

చట్టం అడిగేది మూడే మాటలు

హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే దారి అందులో మొదట లేదు. 1976 సవరణతో 13బి సెక్షన్ చేరింది. అంతవరకూ ఎవరో ఒకరు కోర్టుకెక్కి రెండోవాళ్ల తప్పు నిరూపించాల్సిందే. 13బి కింద ఎవరి తప్పూ చెప్పక్కర్లేదు. ఏడాదో అంతకన్నా ఎక్కువో విడిగా ఉంటున్నామని, కలిసి బతకలేకపోయామని, పెళ్లి రద్దు చేసుకోవడానికి ఇద్దరం ఒప్పుకున్నామని చెబితే చాలు. జనం నోట్లో దీని పేరు 'మ్యూచువల్'.

ఇక్కడ మొదటి చిక్కు 'విడిగా ఉండటం' అన్న మాట దగ్గరే వస్తుంది. వేరే ఇల్లు తీసుకోవాలా? అక్కర్లేదు. భార్యాభర్తల్లా కాపురం చేయకుండా ఉంటే, ఒకే కప్పు కింద ఉన్నా విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లో సురేష్తాదేవి కేసులో చెప్పింది. మా వాళ్లు అంతకుముందటి ఏడాది దసరా నుంచి ఒకే ఫ్లాట్‌లో వేరు వేరు గదుల్లో ఉంటున్నారు. మరి సంక్రాంతికి కలిసి ఊరెళ్లారు కదా, లెక్క మళ్లీ మొదటికి వస్తుందా అని చెల్లెలికి భయం. పెద్దల కోసం మూడు రోజులు ఒక ఇంట్లో గారెలు తిన్నంత మాత్రాన కాపురం చేసినట్టు కాదు. అయితే పిటిషన్‌లో ఏ తేదీ నుంచి విడిగా ఉంటున్నారో రాయాలి, దాని మీద ప్రమాణం చేయాలి. తొందర కోసం ఆ తేదీని వెనక్కి జరపమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ సలహా తీసుకోకండి.

పిటిషన్ వేసి ఇద్దరూ వాంగ్మూలం ఇవ్వడం మొదటి మోషన్. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట దానికి ఎఫ్‌సీఓపీ (ఫ్యామిలీ కోర్టు ఒరిజినల్ పిటిషన్) నంబరు పడుతుంది. లేని చోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో హెచ్ఎంఓపీ (హిందూ మ్యారేజ్ ఒరిజినల్ పిటిషన్) అవుతుంది. అక్కడి నుంచి ఆరు నెలలు ఆగాలి. ఆ తర్వాత, పిటిషన్ వేసిన నాటి నుంచి 18 నెలలు దాటకుండా, మళ్లీ ఇద్దరూ వచ్చి "ఇప్పటికీ అదే మాట" అనాలి. ఇది రెండో మోషన్. డిక్రీ, అంటే విడాకులు ఇస్తూ కోర్టు రాసే ఉత్తర్వు, వచ్చేది అప్పుడే.

ఆ ఆరు నెలలూ తప్పదా? 2017 సెప్టెంబరులో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సడలింపు ఇచ్చింది. మొదటి మోషన్ నాటికే ఏడాది, ఆరు నెలలు కలిపి మొత్తం ఏడాదిన్నర విడిగా గడిపి ఉండాలి. కలపడానికి చేసిన ప్రయత్నాలు విఫలమై ఉండాలి. భరణం, పిల్లలు, మిగతా లెక్కలన్నీ నిజంగా తేలిపోయి ఉండాలి. అప్పుడు గడువు మాఫీ చేయమని అడగవచ్చు, ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. మా వాళ్లకి ఫిబ్రవరి నాటికి 16 నెలలే అయ్యాయి. లాయరు గారు వేళ్ల మీద లెక్కేసి, "ఆగస్టు దాకా కూర్చోండమ్మా" అన్నారు.

ఈ ఆరు నెలల గురించి చాలామంది తెలుసుకోనిది ఒకటుంది. ఈ గడువులో ఇద్దరిలో ఎవరైనా సరే, కారణం చెప్పకుండా కూడా, ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. అదే సురేష్తాదేవి తీర్పు ఆ మాటా చెప్పింది. డిక్రీ ఇచ్చే నిమిషం దాకా అంగీకారం బతికి ఉండాలని, ఒకరు రాకపోతే ఒప్పుకున్నట్టేనని కోర్టు అనుకోకూడదని 2009లో ఇంకో తీర్పు వచ్చింది. అంటే మ్యూచువల్ విడాకుల్లో అసలు పని సంతకం పెట్టడంతో అయిపోదు. ఫిబ్రవరిలో ఉన్న మంచితనం ఆగస్టు దాకా చెడకుండా కాపాడుకోవాలి. దాన్ని చెడగొట్టేవి బంగారం, ఇల్లు, పిల్లలు, బంధువులు. వీటిలో ఏది నోటిమాటగా వదిలేసినా ఏప్రిల్‌లో గొడవవుతుంది. ముందే కాగితం మీద పెట్టాలి. ఆ కాగితాన్ని లాయర్లు ఎంఓయూ అంటారు.

పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది కదా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. ఆచారం ప్రకారం విడిపోవడాన్ని చట్టం 29వ సెక్షన్ కాదనలేదు. కానీ తమ కులంలో ఆ ఆచారం పాతకాలం నుంచి ఉందని కోర్టులో రుజువు చేయగలగాలి. అది చేయలేకపోతే ఆ కాగితం చెల్లదు, దాన్ని నమ్ముకుని చేసుకున్న రెండో పెళ్లీ చెల్లదు.

లాంగ్ నోట్‌బుక్కు

మా చెల్లెలింట్లో ఎంఓయూ మొదలైంది పిల్ల లాంగ్ నోట్‌బుక్కు వెనక పేజీల్లో. ఫిబ్రవరి మొదటి ఆదివారం ముగ్గురం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. బ్యాంకు లాకర్‌లో ఉన్నవన్నీ ముందు రోజే తూకం వేయించుకొచ్చారు. నల్లపూసలు, వంకీలు, నాను, జూకాలు, వడ్డాణం. ఒక్కోటీ గ్రాములతో సహా రాసి, పక్కన ఎవరు పెట్టారో రాశారు. వడ్డాణం ఆమె అత్తగారు పెట్టింది. అది ఎవరిదన్న ప్రశ్న రాగానే గదిలో గాలి మారింది.

చట్టం ఇక్కడ స్పష్టంగానే ఉంది. పెళ్లికి ముందైనా, పెళ్లిలోనైనా, తర్వాతైనా ఆమెకు ఇచ్చినవి స్త్రీధనం. పుట్టింటివారు పెట్టినా, అత్తింటివారు పెట్టినా ఆమెవే. 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరో మలుపులో చెప్పింది. అమెరికాలో కూతురు విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి కూడా చేసుకున్నాక, ఆమె పాత అత్తమామల మీద తండ్రి కేసు పెట్టాడు, తాను పెట్టిన నగలు తిరిగివ్వాలని. ఆమె అధికారం ఇవ్వకుండా అడిగే హక్కు తండ్రికీ లేదని కోర్టు కేసు కొట్టేసింది. అందుకని నగలు ఎవరి చేతికి, ఏ రోజు ఇస్తారో, ముట్టినట్టు ఆమె సంతకం ఎక్కడ ఉంటుందో ఎంఓయూలో రాయించుకోవడం రెండు వైపులా మంచిది.

మా మరిది కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని, "వడ్డాణం తనదే వదినా, రాసెయ్యండి" అన్నాడు. తీరా పేచీ వచ్చింది స్టీలు సామాన్ల దగ్గర. మన వాళ్లు గిన్నెల మీద పేర్లు కొట్టించడం ఎందుకో ఆ రోజు అర్థమైంది. బోర్లించి చూస్తే ఎవరిదో తెలిసిపోయింది, ఒక్క పెద్ద బిందె తప్ప. దాని మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

నగల కన్నా ఆ ఆదివారం నన్ను కంగారు పెట్టింది ఫోను నంబరు. చెల్లెలి జీతం ఖాతా, గ్యాస్ బుకింగ్, ఆధార్, పిల్ల స్కూలు యాప్, అన్నిటికీ ఓటీపీ మా మరిది ఫోనుకే వస్తోంది. ఎనిమిదేళ్ల కిందట సౌకర్యంగా ఉంటుందని ఇచ్చిన నంబరు. విడిపోవాలనుకున్న ఆడవాళ్లు లాయరు కన్నా ముందు చూసుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

డబ్బు గురించి చలామణీలో ఉన్న మాటలు

'భర్త ఆస్తిలో సగం వస్తుంది' అన్నది మొదటిది. గోవాలో తప్ప మన దేశంలో అలాంటి నియమం లేదు. ఎవరి పేరున ఉన్న ఆస్తి వారిది, ఉమ్మడిగా కొన్నది ఉమ్మడిది. కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అన్న చట్టం ఉంది. అక్కడి మనవాళ్లు చెప్పగా విని ఇక్కడా అంతే అనుకుంటారు.

'జీతంలో 25 శాతం ఇవ్వాలి' అన్నది రెండోది. 2017లో ఒక కేసులో నికర జీతంలో 25 శాతం సబబుగా ఉంటుందని సుప్రీంకోర్టు అన్న మాట నిజమే. చట్టంలో మాత్రం ఆ అంకె ఎక్కడా లేదు. మ్యూచువల్‌లో ఎంత అన్నది మీరిద్దరూ తేల్చుకునేదే. మాట్లాడుకునే ముందు ఇద్దరూ జీతం స్లిప్పులు, అప్పులు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు టేబుల్ మీద పెట్టాలి. వివాదపు కేసుల్లో ఆస్తిఅప్పుల అఫిడవిట్ ఇద్దరూ ఇవ్వాలని 2020లో రజనీష్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది, దాని నమూనా కూడా తీర్పుతోనే ఇచ్చింది. గొడవ లేకపోయినా ఆ నమూనా నింపి చూడండి, దాచిపెట్టారన్న అనుమానం సగం తగ్గుతుంది.

ఒకేసారి ఇచ్చే మొత్తాన్ని కోర్టులు ఆదాయంగా చూడలేదు కాబట్టి దాని మీద సాధారణంగా పన్ను పడదు. నెలనెలా వచ్చేది ఆమె ఆదాయం కిందికే వస్తుంది. ఇచ్చేవారికి రెండింటిలోనూ మినహాయింపు లేదు. మొత్తాన్ని రెండు డీడీలుగా ఇవ్వడం మామూలు: సగం మొదటి మోషన్ రోజు, మిగతాది రెండో మోషన్ రోజు జడ్జి గారి ముందు. ఇల్లో స్థలమో రాసివ్వాలనుకుంటే డిక్రీకి ముందే, ఇంకా భార్యాభర్తలుగా ఉండగానే రాయడం తేలిక. గిఫ్ట్ పన్ను బాధ ఉండదు, కుటుంబ సభ్యులకిచ్చే స్టాంపు డ్యూటీ రాయితీ వర్తిస్తుంది. దస్తావేజులో 'విడిగా ఉండటానికి చేసుకున్న ఒప్పందం ప్రకారం' అన్న మాట పడేలా చూసుకోండి. అది లేకపోతే ఆ ఇంటి అద్దెను పన్నువాళ్లు భర్త ఆదాయంలోనే కలిపి చూసే అవకాశం ఉంది.

అసలు మెలిక హోమ్‌లోన్. ఫ్లాటు ఆమెకు, ఈఎంఐ అతనికి అని ఎంఓయూలో రాసుకుంటారు, జడ్జి గారు డిక్రీలో ఎక్కిస్తారు. బ్యాంకుకు దానితో పనిలేదు. లోను మీద ఇద్దరి సంతకాలుంటే, ఒకరు కట్టడం మానేసిన నెల రెండోవాళ్ల సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. లోను ఒకరి పేరు మీదికి మార్చడానికి బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో, మిగిలిన ఒక్క జీతంతో అర్హత వస్తుందో లేదో మొదటి మోషన్‌కి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఒప్పుకోకపోతే ఫ్లాటు అమ్మి పంచుకోవడమే శుభ్రం. మా వాళ్లు అదే చేశారు. మియాపూర్ ఫ్లాటు మేలో అమ్ముడుపోయింది.

ఆరోగ్య బీమా సంగతి చిన్నదే గానీ మరిచిపోతారు. భర్త కంపెనీ పాలసీలో ఉన్న భార్య డిక్రీ తర్వాత అందులో ఉండదు. సొంత పాలసీ కొత్తగా తీసుకుంటే ముందు నుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు. థైరాయిడో షుగరో ఉన్నవాళ్లు ఆరు నెలల గడువు మొదట్లోనే పాలసీ తీసుకోవడం మేలు. పీఎఫ్, ఇన్సూరెన్స్ నామినీ పేర్లు డిక్రీతో వాటంతటవే మారవు, మీరే మార్చుకోవాలి.

పిల్ల క్యాలెండర్

సంక్రాంతి తర్వాత మొదలుపెట్టడంలో ఒక లాభం ఉంది. మన స్కూళ్లు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. పిల్ల స్కూలు మారాలంటే అడ్మిషన్లు, టీసీ అన్నీ ఏప్రిల్, మే నెలల్లో అయిపోవాలి. ఎవరు ఎక్కడ ఉంటారో ఫిబ్రవరిలోనే తేలితే చదువు మధ్యలో తెగదు.

ఐదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలని 1956 మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం అంటుంది. ఆపైన కోర్టు చూసేది పిల్లల మేలే. మ్యూచువల్‌లో మీరు రాసుకున్నదాన్ని కోర్టు సాధారణంగా కాదనదు గానీ, పిల్లల ఖర్చు అక్కర్లేదని తల్లి రాసిచ్చినా అది పిల్లల హక్కును చెరపదు. 2019లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. 'భవిష్యత్తులో ఎటువంటి క్లెయిమూ లేదు' అని అందరికీ కలిపి ఒక్క వాక్యం రాసే డ్రాఫ్టులు చాలా తిరుగుతున్నాయి. ఆ వాక్యం కనిపిస్తే లాయర్ని అడగండి.

ఎంత చిన్నదైనా రాసుకోవాలి. శనివారాలు ఎవరి దగ్గర, వేసవి సెలవులు ఎలా, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, విదేశానికి తీసుకెళ్లాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, పేరెంట్ టీచర్ మీటింగ్‌కి ఎవరు వెళ్తారు. మా వాళ్లు 'ఇద్దరూ' అని రాశారు. పిల్లకు చెప్పే పని మాత్రం నెలన్నర వాయిదా వేశారు. చెప్పాక అది అడిగిన మొదటి ప్రశ్న, "నా సైకిల్ ఏ ఇంట్లో ఉంటుంది?"

లాయరు ఒకరా ఇద్దరా అంటే, ఖర్చు తగ్గుతుందని ఒక్కరినే పెట్టుకునే జంటలే ఎక్కువ. పిటిషన్ ఒక్కరు వేసినా ఎంఓయూ మాత్రం ఇంకో లాయరుకు చూపించండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, 15100కి ఫోన్ చేయొచ్చు. దెబ్బలూ బెదిరింపులూ ఉన్న ఇంట్లో మాత్రం ఈ వ్యాసంలోని సలహా పనికిరాదు. భయంతో పెట్టిన సంతకం అంగీకారం కాదు. అక్కడ ముందు చేయాల్సింది 181కి ఫోన్.

పై లెక్కంతా హిందూ వివాహ చట్టం కింద పెళ్లయినవాళ్లకి. స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద రిజిస్టర్ అయినవాళ్లకీ దాదాపు ఇదే వర్తిస్తుంది. క్రైస్తవుల చట్టంలో రెండేళ్లు విడిగా ఉండాలని ఉంది, 2010లో కేరళ హైకోర్టు దాన్ని ఏడాదిగా చదవాలంది. ముస్లింలలో ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడానికి ముబారాత్ అన్న పద్ధతి ఉంది.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక పాత తీర్పు గుర్తు చేయాలి. తిరుపతిలో 1975లో జరిగిన పెళ్లి. భర్త మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకుని ఇక్కడ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. విదేశీ డిక్రీ చెల్లాలంటే మన చట్టంలో ఉన్న కారణం మీదే రావాలి, లేదా ఇద్దరూ ఇష్టపూర్వకంగా ఆ కోర్టు ముందుకు వెళ్లి ఒప్పుకుని ఉండాలి. మ్యూచువల్‌గా వెళ్లేవాళ్లకు ఇది అనుకూలమే, ఇద్దరూ హాజరైనట్టు, ఒప్పుకున్నట్టు ఆ రికార్డులో ఉండాలి, అంతే. ఇక్కడే వేసుకోవాలనుకుంటే వీడియో ద్వారా వాంగ్మూలం ఇవ్వడానికి కోర్టులు అనుమతిస్తున్నాయి.

మా వాళ్ల రెండో మోషన్ ఆగస్టు మూడో వారంలో అయింది. జడ్జి గారు ఇద్దరినీ విడివిడిగా అదే ప్రశ్న అడిగారు, ఇద్దరూ అదే జవాబు చెప్పారు. ఇద్దరూ ఒప్పుకున్న డిక్రీ మీద అప్పీలు ఉండదు కాబట్టి మళ్లీ పెళ్లికి ఆగాల్సిన గడువు కూడా లేదు. ధ్రువీకరించిన నకళ్లు నాలుగు తీసుకోమన్నాను. బ్యాంకు ఒకటి అడుగుతుంది, పాస్‌పోర్టు ఆఫీసు ఒకటి.

ఆ ఎంఓయూలో ఒక్క కొట్టివేత ఉంది. పండగలు ఏడాదికొకరి దగ్గర అనుకున్నా, సంక్రాంతిని మాత్రం ఎవరూ వదులుకోలేదు. భోగి, పండగ అమ్మ దగ్గర, ఆ తర్వాత నాన్న దగ్గర అని రాశారు. పిల్లను అప్పగించే సమయం కనుమ మధ్యాహ్నం 3 గంటలు. డ్రాఫ్టు చదివిన మా మరిది వాళ్లమ్మగారు కళ్లజోడు తీసి, అప్పటిదాకా ఏమీ మాట్లాడని మనిషి, "కనుమ నాడు పిల్లని ప్రయాణం చేయిస్తారా?" అన్నారు. లాయరు గారు 'కనుమ మధ్యాహ్నం' కొట్టేసి పైన 'ముక్కనుమ ఉదయం 10 గంటలకు' అని రాశారు. పక్కన మార్జిన్‌లో ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టారు.